త్రీ నాట్ త్రీ మరో జన్మ

సైన్యం అవసరం తీరిందని పక్కన పెట్టిన తుపాకిని కొని, గొట్టం చివరి దాకా కప్పి ఉండే బరువైన కొయ్య కట్టును సగానికి కోసి, బయొనెట్, అంటే తుపాకి కొనకు బిగించే బాకు, తగిలించేందుకు ఉన్న ఇనుప మూతిని తీసేసి, వేటగాని భుజానికి తేలికగా ఒదిగేలా మలిచే పనిని పాశ్చాత్య దేశాల్లో స్పోర్టరైజింగ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షల తుపాకులు ప్రభుత్వాల గోదాముల్లో మిగిలిపోవడంతో ఈ పని ఒక అభిరుచిగా, ఆ తరువాత ఒక చిన్న పరిశ్రమగా పెరిగింది. జర్మనీకి చెందిన పాల్ మౌజర్ 1898లో రూపొందించిన తుపాకి, అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్, బ్రిటిష్ సామ్రాజ్యమంతటా తిరిగిన లీ ఎన్‌ఫీల్డ్ ఈ అభిరుచికి ప్రధానమైన ముడిసరుకు అయ్యాయి. బర్మింగ్‌హామ్‌లోని పార్కర్ హేల్ కంపెనీ పాత లీ ఎన్‌ఫీల్డ్‌లను వేట తుపాకులుగా మార్చి అమ్మింది. అమెరికాలోనైతే మామూలు ఉద్యోగి సైతం పోస్టులో తెప్పించుకుని ఇంటి షెడ్డులోనే ఆ మార్పులు చేసుకునేవాడు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు వాడినది పోస్టులో తెప్పించిన ఇటలీ సైన్యపు పాత కార్కానో తుపాకి కావడంతో ఆ అమ్మకాలపై చర్చ మొదలై, 1968 నాటి తుపాకుల చట్టంతో పోస్టు వ్యాపారం ఆగిపోయింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో ఇలాంటి షెడ్డు ఎక్కడా కనిపించదు, చట్టరీత్యా కనిపించకూడదు కూడా. అయినా సైనిక తుపాకి పౌరుని తుపాకిగా మారిన కథ ఈ నేలకు పరాయిది కాదు. భారతదేశంలో ఆ మార్పు అభిరుచి గలవారి రంపం కింద జరగలేదు, ప్రభుత్వ కర్మాగారంలో జరిగింది. దాని వెనుక ఉన్నది సరదా కాదు, పాలకుల భయం.

తెలుగువారు త్రీ నాట్ త్రీ అని పిలిచే తుపాకి లీ ఎన్‌ఫీల్డ్. జేమ్స్ ప్యారిస్ లీ రూపొందించిన బోల్టు, అంటే తూటాను గదిలోకి నెట్టి వెనుక నుంచి మూసే ఇనుప గడియ, ఎన్‌ఫీల్డ్ కర్మాగారం తీర్చిన గొట్టం కలిసి 1895లో ఆ పేరు స్థిరపడింది. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 303 వంతులు, అంటే 7.7 మిల్లీమీటర్లు కావడం వల్లే ఆ అంకె పేరుగా నిలిచింది. 1907లో వచ్చిన మూడో నమూనా, పది తూటాల పెట్టెతో, దాదాపు నాలుగు కిలోల బరువుతో, కలకత్తా సమీపంలోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారైంది. 1962 చైనా యుద్ధం తరువాత అదే ఫ్యాక్టరీ ఆ పాత నమూనానే 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు గట్టిపరిచి మళ్లీ తయారు చేసిందంటే, ఆ నిర్మాణం ఎంత నమ్మకమైనదో ఊహించవచ్చు.

ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకంలో వలస ప్రభుత్వం ఒక సూక్ష్మమైన లెక్క వేసింది. సైనిక గిడ్డంగి నుంచి దొంగిలించిన తూటా పౌరుని తుపాకిలో పేలకుండా చేయాలంటే, పౌరుని తుపాకి కొలతే వేరుగా ఉండాలి. అందుకే సైన్యం వాడే కొలతలు పౌరులకు నిషిద్ధమయ్యాయి. ఏనుగుల వేటకు వాడే .450 తుపాకులకు కూడా భారతదేశంలో అదే గతి పట్టడంతో లండన్ కంపెనీలు .465, .470 వంటి కొత్త కొలతలను పుట్టించాయి. చిన్న తుపాకి విషయంలో ఆ ఖాళీని నింపినది 1888 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం కోసం పుట్టిన ఎనిమిది మిల్లీమీటర్ల మాన్‌లిహర్ తూటా. దాని అడుగు అంచు .303 తూటా అంచుకు దాదాపు సమానంగా ఉండటం వల్ల లీ బోల్టును పెద్దగా మార్చకుండానే గొట్టం మాత్రం కొత్తది బిగిస్తే సరిపోయింది. ఆ తూటాకే భారతదేశంలో .315 అని పేరు. ఈ కొలతలో తేలికైన వేట తుపాకులు చేసి పంపినవారిలో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ ముఖ్యమైనది. బి.ఎస్.ఎ. సైకిలు తొక్కిన తరాలకు ఆ కంపెనీ పేరు తెలుసు గాని, దాని గుర్తులో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు ఉంటాయని గమనించినవారు తక్కువ. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే పంథాలో .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారు చేసి లైసెన్సు ఉన్న పౌరులకు అమ్ముతూ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు 1 నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ కిందికి చేరింది. పొట్టి కొయ్య కట్టుతో, చిన్న తూటాల పెట్టెతో ఉండే ఆ తుపాకిని చూసినవారు అది త్రీ నాట్ త్రీ తమ్ముడని వెంటనే గుర్తుపడతారు.

ఈ ప్రాంతపు ప్రజల్లో చాలామంది అసలు త్రీ నాట్ త్రీని తాకింది ఎన్‌సీసీలోనే. 1948లో ఏర్పడిన ఆ దళం కవాతుకు డ్రిల్ తుపాకిని వాడింది; అది పేలకుండా చేసిన పాత .303. గుంటూరు, ఒంగోలు, చీరాల కాలేజీ మైదానాల్లో ఎండకు కాగిన ఇనుమును అరచేతితో చరిచి సలాము చేసిన తరాలు ఉన్నాయి. ఆ క్యాడెట్లు నేర్చుకున్న శుభ్రత పద్ధతి ఏ పాశ్చాత్య పునరుద్ధరణ నిపుణుని పద్ధతికీ తీసిపోదు. ఇత్తడి బరువు కట్టిన తాడును పుల్‌త్రూ అంటారు. దాని కొసన ఉన్న ముడిలో నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉన్న నూలు గుడ్డను దూర్చి, బరువును గొట్టంలోకి వదిలి, రెండో వైపు నుంచి ఒకే ఊపున లాగాలి. ఆ గుడ్డను చిందీ అంటారు. లాగడం మధ్యలో ఆగితే చిందీ ఇరుక్కుంటుంది. తాడు ఒక పక్కకు రాసుకుంటే గొట్టం అంచు అరిగి గురి తప్పుతుంది. పొడి గుడ్డ తెల్లగా బయటికి వచ్చే వరకు లాగి, చివర నూనె గుడ్డను ఒక్కసారి నడిపించాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే చీరాల, బాపట్ల వైపు ఈ చివరి నూనె పూత లేకపోతే ఇనుముకు తుప్పు పట్టక మానదు.

చిందీకి మాత్రమే కాదు, త్రీ నాట్ త్రీ తూటాలోని మందుకు మూలం కూడా పత్తే. 1889లో ఏబెల్, డ్యువార్ అనే శాస్త్రవేత్తలు పేటెంటు పొందిన కార్డైట్ అనే పొగ తక్కువ మందులో నైట్రోగ్లిసరిన్‌తో పాటు ఉండే రెండో ముఖ్య పదార్థం పత్తి పోగును ఆమ్లాలతో మార్చగా వచ్చే నైట్రోసెల్యులోజ్. జిన్నింగు మిల్లులో దూది వేరయ్యాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగుకు ఇలాంటి పరిశ్రమల్లో విలువ ఉంది. నీలగిరుల్లోని అరవంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుంచి ఆ మందును తయారు చేసింది. దూదిపింజ ఎగిరే నేలపై నివసించేవారికి ఇది తెలియవలసిన సంగతి.

పాశ్చాత్య దేశాల అభిరుచిలో గత కొన్ని దశాబ్దాలుగా ఒక పశ్చాత్తాపం కనిపిస్తున్నది. ఒకప్పుడు చవకగా కొని కోసేసిన తుపాకులే ఇప్పుడు కోయకుండా ఉంటే ఎంతో విలువ పలుకుతున్నాయి. అందుకే కోసిన తుపాకికి మళ్లీ పాత రూపం ఇవ్వడమే నేటి పునరుద్ధరణకు ప్రధాన లక్ష్యమైంది. పాత కొయ్య కట్టును వెతికి తెచ్చి అమర్చడం, శతాబ్ది నాటి గ్రీజును ఓపికగా కరిగించి తీయడం, కొయ్యకు రంగు వేయకుండా అవిసె నూనెను చేతివేళ్లతో పలుచగా రుద్ది రోజుల తరబడి ఆరబెట్టడం ఇందులో భాగాలు. బోల్టు మీద చెక్కిన అంకె, గొట్టపు గది మీద ఉన్న అంకె ఒకటేనా అని చూడటం అన్నిటికన్నా ముఖ్యం. వేర్వేరు తుపాకుల భాగాలు కలిస్తే తూటాకు, బోల్టుకు మధ్య ఉండవలసిన ఎడం తప్పి, పేలినప్పుడు తూటా వెనుక భాగం చిట్లి కాల్చినవారి ముఖానికే ప్రమాదం రావచ్చు. రంపం ఒక్క గంటలో చేసిన నష్టాన్ని పూడ్చడానికి సంవత్సరాలు పడుతున్నాయి, ఎన్నో తుపాకుల విషయంలో అది పూడనే లేదు.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ఈ రంపాన్ని ముందుగానే ఆపింది. ఆ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకి తయారీకే కాదు, అమ్మకానికి, మరమ్మతుకు కూడా వేరే లైసెన్సు కావాలి. ఆరో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా గొట్టాన్ని పొట్టి చేయడమే నేరం. నిషిద్ధ కొలత అయిన .303కు అనుమతి కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది, జిల్లా కలెక్టరు ఇచ్చేది నిషేధం లేని తుపాకులకే. పంట కాపలాకు చట్టం ప్రధానంగా పేర్కొన్నది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకిని గాని .315ను కాదు. నల్లమల అంచున, మార్కాపురం, వినుకొండ వైపు అడవిపందుల బెడదతో నలిగే రైతుకు ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకులను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఈ కట్టుదిట్టం సబబైనదే. ఎన్నికలు ప్రకటించిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో జమ చేయవలసి వచ్చే పల్నాడు వంటి చోట, ఇంటింటా తుపాకి కొలుములు వెలిగితే ఎవరికి మేలు?

అయితే చట్టంలో ఒక చిన్న వాకిలి తెరిచే ఉంది. వాడుకలో లేని పాత నమూనా గాని, పురాతన విలువ గలది గాని అయి, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న ఆయుధానికి నలభై ఐదో సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. దాన్ని దాచి, తుడిచి, చరిత్ర రాసి పెట్టే పని అభిరుచిగా సాగవచ్చు. నిజానికి ఆ పని ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలను కార్తీక అమావాస్య ఉత్సవాల్లో భక్తితో బయటికి తెచ్చి పూజించడం తరతరాలుగా సాగుతున్నది. వాటిని ఎవరూ కొత్త వాడకానికి మలచలేదు. వాటి విలువంతా మార్చకుండా ఉంచడంలోనే ఉంది.

పోలీసు బలగాలు .303ను ఒక్కొక్కటిగా విడిచిపెడుతున్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికారు. తాతల కాలపు లైసెన్సు తుపాకి ఇంట్లో ఉన్న కుటుంబాలు లైసెన్సుదారు మరణించగానే దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్లో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమ చేసి, వారసత్వపు దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పగించే ముందు దాని మీద చెక్కిన ఫ్యాక్టరీ గుర్తును, సంవత్సరాన్ని, అంకెను కాగితం మీద రాసి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు కొన్నారో పెద్దలను అడిగి ఆ కాగితానికే జతచేయాలి. తుప్పు పట్టిందని ఆకురాయితో మాత్రం రుద్దకూడదు, ఆ అంకె పోతే తుపాకి చరిత్ర పోతుంది.