ఆగినా ఆరని హెడ్‌లైట్లు

"గాడి తప్పాడు", "మళ్ళీ గాడిన పడ్డాడు" అని మనం రోజూ అంటూనే ఉంటాం. ఆ మాటను అక్షరాలా కళ్ళతో చూడాలంటే స్లాట్ కారును చూడాలి. నల్లటి ప్లాస్టిక్ ట్రాకు మీద సన్నటి గాడి ఉంటుంది. కారు కింద, ముందువైపు నాలుకలాంటి చిన్న ముక్క ఉంటుంది. నాలుక గాడిలో ఉన్నంతసేపూ కారు బుద్ధిగా వెళ్తుంది. మలుపులో వేగం ఎక్కువైందా, వెనక భాగం విసురుగా తిరిగి నాలుక బయటికొచ్చేస్తుంది, కారు సోఫా కిందికి పోతుంది. స్టీరింగ్ అంటూ ఏమీ లేదు. మన చేతిలో ఉన్నది వేగం ఒక్కటే.

ఇది ఇంగ్లండులో పుట్టిన ఆట. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 1952లో స్కేలెక్స్ అనే పేరుతో స్ప్రింగుతో నడిచే రేకు కార్లు చేశారు. తర్వాత వాటికి కరెంటు మోటారు పెట్టి, 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపించారు. స్కేలెక్స్, ఎలక్ట్రిక్ కలిస్తే స్కేలెక్స్‌ట్రిక్. (ఇది ఏ సంధో మన మేడమ్ గారే చెప్పాలి.) ఈ కార్లు ఎక్కువగా అసలు కారులో 32వ వంతు ఉంటాయి, అంటే అరచేతి కంటే కొంచెం పొడుగు.

మా ఇంట్లో అమ్మవైపు తెలుగు, నాన్నవైపు తమిళం. ఈ కార్లు అమ్మవైపువి. మా తాత ఓడల్లో పనిచేసేవారు. మామ చిన్నప్పుడు ఆయన బయటి దేశం నుంచి ఒక సెట్టు తెచ్చారు. అందులో మిగిలింది ఒక్క కారు, పోర్షె 962. మొన్న మామ తన కూతురి కోసం కొత్తరకం డిజిటల్ ట్రాకు తెప్పించాడు. పాత కారు దాని మీద నడవదు. "వదినా, తాత కారు కూడా పరుగెత్తాలి" అని ఆ పిల్ల పట్టు. మామకు రిచీ స్ట్రీటులో రిపేరు పని, నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే. కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. కారు ఎందుకు నడవదో, నడిపించాలంటే ఏం చేయాలో చెబుతాను.

పాత పద్ధతిలో గాడికి అటూ ఇటూ రెండు లోహపు పట్టాలు ఉంటాయి. కారు నాలుకకు రెండు వైపులా రాగి తీగల అల్లికలు ఉంటాయి, అచ్చం చిన్న జడల్లాగే. అవి పట్టాలను రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. చేతిలోని ట్రిగ్గర్ ఎంత నొక్కితే పట్టాల్లోకి అంత కరెంటు. అంటే మనం నడిపేది కారును కాదు, పట్టాలను. ఒక గాడిలో రెండు కార్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. దీపాలు పెట్టినా ఇదే చిక్కు. వేగంగా వెళ్తే వెలుగు, నెమ్మదిస్తే మసక, ఆగితే చీకటి. నిజం కారు సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు ఆరిపోతాయా?

2004లో స్కేలెక్స్‌ట్రిక్ డిజిటల్ వచ్చింది. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ నిండు కరెంటు, 15 వోల్టులు. ఆ కరెంటుతో పాటే సంకేతాలు కూడా వెళ్తుంటాయి. క్లాసులో హాజరు పిలిచినట్టు అనుకోండి. రోల్ నంబరు అందరికీ వినిపిస్తుంది, పలికేది ఆ నంబరు వాళ్ళే. ప్రతి కారులోనూ ఒక చిప్పు, చిప్పుకు 1 నుంచి 6 దాకా ఒక నంబరు. "మూడో నంబరు, సగం వేగం" అని పట్టాల్లో సంకేతం వస్తే మూడో నంబరు చిప్పు మాత్రమే విని తన మోటారుకు కరెంటు వదులుతుంది. మిగతావి ఊరుకుంటాయి. అందుకే ఒకే గాడిలో ఆరు కార్లయినా ఎవరి కారును వాళ్ళే నడుపుకోవచ్చు.

గాడి మారడం ఇంకా బాగుంటుంది. కంట్రోలర్ మీద బటన్ నొక్కితే చాలు. వస్తున్నది ఏ కారో దాని అడుగున ఉన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ట్రాకుకు చెబుతుంది. ప్రతి నంబరుకూ దాని మిణుకు వేగం వేరు. ట్రాకులోని కన్ను దాన్ని చదివి, గాడిలో చిన్న తలుపును తిప్పుతుంది. ఆ వెలుగు మన కంటికి కనపడదు. ఫోను కెమెరా పెట్టి చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. బిగించాక ఎల్‌ఈడీ పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

కొత్త కార్లలో చాలావాటికి అడుగున చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి చిప్పు బిగిస్తే అయిపోయింది. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. కష్టమంతా మూత లేని పాత కార్లతోనే. ఎల్‌ఈడీ నాలుక వెనకాల, గాడికి సరిగ్గా పైన రావాలి, పక్కకు జరిగితే ట్రాకులోని కన్నుకు అందదు. అంటే కారు అడుగున అక్కడే రంధ్రం చేయాలి. తాత కారులో సరిగ్గా అక్కడే ఆయన సూదితో గీకిన అక్షరం ఉంది. "ర" అని, మామ పేరులో మొదటి అక్షరం. మామ చదివింది తమిళ మీడియం. తెలుగు మాట్లాడతాడు కానీ రాయలేడు. తాత తన కోసం తెలుగులో రాసిందంటూ ఉన్నది ఆ ఒక్క అక్షరమే.

"డ్రిల్లు పెట్టొద్దమ్మా, ఆ కారును అలానే ఉండనీ" అన్నాడు మామ. మరదలు ముఖం ముడుచుకుంది. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. పెట్టెలో పడి ఉన్న కారు ఆ పిల్లకు తాతను చూపించదు. అలాగని అక్షరం మధ్య రంధ్రం చేస్తే మామకు ఏం మిగులుతుంది?

కారు అంటే పైన బాడీ, కింద ఛాసీ, రెంటినీ కలిపే నాలుగు స్క్రూలు. కాబట్టి పాత ఛాసీని ముట్టుకోకుండా కొత్తది చేయొచ్చు. ఎలక్ట్రానిక్స్ కొట్లలో హైలమ్ షీటు దొరుకుతుంది. గోధుమరంగులో ఉంటుంది, వేడికి కరగదు, కరెంటు పారదు. పాత ఛాసీని దాని మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుని, సన్నరంపంతో కోసి, స్క్రూల రంధ్రాలు అవే చోట్ల చేశాను. మోటారు, ఇరుసులు, నాలుక పాతదాంట్లోంచి ఊడదీసి ఇందులో అమర్చాను. కావాలంటే ఎప్పుడైనా వెనక్కి పెట్టేయొచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఇరుసు ఎత్తు. చక్రాలు ట్రాకును తాకాలి, నాలుక గాడిలో పూర్తిగా దిగాలి. రెండూ ఒకేసారి కుదిరేదాకా కాగితం ముక్కలు మడిచి కింద పెట్టుకుంటూ సరిచూసుకోవాలి. ఒక సాయంత్రమంతా దీనికే పోతుంది.

ఇక వైర్లు. రాగి జడల నుంచి వచ్చే రెండూ చిప్పులోకి, చిప్పు నుంచి రెండు మోటారుకు. మోటారు వైర్లు ఒకదానికొకటి మారితే కారు వెనక్కి నడుస్తుంది అంతే, మార్చి పెట్టుకోవచ్చు. కానీ పట్టాల వైర్లను మోటారు వైపు పెడితే చిప్పు పోతుంది. చిప్పు బయటి దేశం నుంచి రావాలి కాబట్టి టంకం వేసే ముందు రెండుసార్లు చూసుకోవాలి. పాత మోటార్ల మీద ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియోలో గరగర రాకుండా పెట్టినది. దాన్ని తీసేయాలి. చిప్పు మోటారుకు కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ ఇస్తుంది. మధ్యలో ఇది ఉంటే ఆ పని చెడుతుంది. ఐరన్‌ను ఒక్కో చోట రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ ఉంచొద్దు. కిటికీ తీసి, జడ వెనక్కి వేసి, చున్నీ పక్కన పెట్టి కూర్చోండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి, టంకంలో సీసం ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం దీపాలు. వాటికి కరెంటును మోటారు వైర్ల నుంచి తీసుకుంటే మళ్ళీ పాత కథే, వేగాన్ని బట్టి వెలుగు. చిప్పుకు ముందు, పట్టాల వైపు నుంచి తీసుకోవాలి. అక్కడ ఎప్పుడూ 15 వోల్టులే కాబట్టి కారు ఆగినా దీపం వెలుగుతుంది. మధ్యలో ఒక చిన్న బ్రిడ్జ్ రెక్టిఫైయర్ పెడితే కరెంటు ఎటువైపు నుంచి వచ్చినా ఎల్‌ఈడీకి సరైన దిశలోనే అందుతుంది. అది సుమారు 1.4 వోల్టులు తినేస్తుంది. ముందు దీపాలు రెండూ తెల్లవి, ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు. వరసగా కలిపితే 6. మిగిలింది 7.6 వోల్టులు. 1000 ఓముల రెసిస్టర్ పెడితే 7.6 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. చీకటి గదిలో గోడ మీద రెండు వెలుగు వలయాలు పడడానికి అది ధారాళంగా సరిపోతుంది. వెనక ఎర్రవాటికి ఒక్కోదానికి 2 వోల్టులే. వాటిని మందంగా ఉంచడమే అందం కాబట్టి 2200 ఓములు పెట్టాను. లెక్కలంటే భయపడి ఆర్ట్స్‌లో చేరినవాళ్ళు గమనించండి, తీసివేత, భాగహారం తప్ప ఇందులో ఇంకేమీ లేదు.

పట్టా మీద దుమ్ము ఉంటే దీపం తపతపమని కొట్టుకుంటుంది. రెక్టిఫైయర్ తర్వాత 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెడితే క్షణకాలపు అంతరాయం కంటికి అంతగా తెలియదు. దానికి వరసలో 100 ఓముల రెసిస్టర్ వేయాలి. రెక్టిఫైయర్‌కు ముందు మాత్రం పెట్టకూడదు. అక్కడ పెడితే పట్టాల్లోని సంకేతాలను మింగేస్తుంది, చిప్పుకు ఏదీ వినపడదు.

వెలిగించి చూస్తే బాడీ మొత్తం లాంతరులా మెరుస్తుంది, పలచటి ప్లాస్టిక్ కదా. లోపలివైపు నల్ల నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే వెలుగు దీపం గాజులోంచే వస్తుంది. రంగు సంగతి ఎవరిష్టం వాళ్ళది. ఫ్రాన్సులో 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండాలని చట్టం. 1923 నుంచి జరుగుతున్న లె మాన్ 24 గంటల పందెం అక్కడిదే, 962 రాత్రంతా పరుగెత్తి 1986లోనూ 1987లోనూ గెలిచింది కూడా అక్కడే. పసుపు వేద్దామా అని అడిగితే మామ వద్దన్నాడు, తాత తెచ్చినప్పుడు గాజు తెల్లగానే ఉందట. తెలుపే ఉంచాం.

బాడీకీ ఛాసీకీ మధ్య వైర్లు కొంచెం వదులుగా వదలండి, తెరిచినప్పుడు తెగవు. గేరును మాత్రం తాకకూడదు. చివరగా నంబరు ఇవ్వాలి. ఆ సమయంలో ట్రాకు మీద ఒక్క కారే ఉండాలి. రెండో కారును పక్కకు తీయకపోతే అది కూడా అదే నంబరు తీసుకుంటుంది, ఒక ట్రిగ్గర్ నొక్కితే రెండూ కలిసి కదులుతాయి.