చేతికందని బంతికీ లెక్కుంది

న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య కాపు కాసే ఫీల్డర్‌గా ఆడిన డెరెక్ జీటర్ 2010 సీజన్ మొత్తంలో చేసిన తప్పులు 6. ఫీల్డింగ్ సగటు, అంటే తప్పు లేకుండా ముగించిన అవకాశాల వాటా, 0.989. మేనేజర్లు, కోచ్‌లు ఓట్లేసి ఆ ఏడాది అతనికి ఐదోసారి ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ ఇచ్చారు. కానీ వీడియోలు ముందేసుకుని బంతి బంతినీ పరిశీలించిన విశ్లేషకుల లెక్కలో, అదే సీజన్‌లో జీటర్ సగటు షార్ట్‌స్టాప్ కన్నా కింద ఉన్నాడు.

తేడా అంతా తప్పు అనే మాటకు నిబంధనలు ఇచ్చే అర్థంలో ఉంది. మామూలు ప్రయత్నంతో అందాల్సిన బంతిని వదిలేశాడని స్కోరర్ భావిస్తేనే అది తప్పు కింద రాస్తారు. నాలుగడుగుల దూరంలోంచి దూసుకుపోయిన బంతిని బ్యాటర్ ఖాతాలో హిట్‌గా వేస్తారు, ఫీల్డర్ ఖాతా శుభ్రంగా ఉంటుంది. అంటే, చురుగ్గా పరిగెత్తి బంతిని తాకి జారవిడిచినవాడికి మచ్చ, అసలు అక్కడికి చేరనివాడికి మంచి సగటు! నూరేళ్లకు పైగా ఈ అన్యాయమే కొలమానంగా చెలామణీ అయింది.

1970ల్లో బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు బిల్ జేమ్స్ ప్రశ్నను తిరగేశాడు. ఎన్ని తప్పులు చేశాడని కాదు, ఒక్కో ఆటలో ఎందరిని అవుట్ చేయడంలో చేయి వేశాడని లెక్కపెట్టాడు. మంచి అడుగే, కానీ బంతి విసిరే పిచర్ స్ట్రైకవుట్లతోనే, అంటే బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండానే, పని కానిచ్చేస్తే వెనకున్న ఫీల్డర్‌కు బంతులే రావు. ఆ లోటు పూడ్చడానికి జాన్ డ్యూవన్ వంటి విశ్లేషకులు మైదానాన్ని భాగాలుగా విడగొట్టి, ఏ భాగంలోకి వెళ్లిన బంతిని మిగతా ఫీల్డర్లు ఎంత తరచుగా ఆపుతున్నారో చూశారు.

2015 నుంచి అమెరికా మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో బంతి కదలికనూ ఆటగాళ్ల కదలికనూ కొలిచే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ఉంది. మొదట రాడార్, కెమెరాలు. 2020 నుంచి హాక్-ఐ కెమెరాలు, మన క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ తేల్చేవే. బంతి గాల్లో ఎంతసేపుంది, మైదానం చివర కాపు కాసే ఔట్‌ఫీల్డర్ ఎంత దూరం పరిగెత్తాలి, ముందుకా వెనక్కా, గోడ అడ్డుందా అన్నవి చూసి, అలాంటి బంతి దొరికే అవకాశం నూటికి ఇంత అని చెబుతుంది. నూటికి 25 అనుకుందాం. పట్టినవాడికి 0.75 కలుపుతారు, వదిలినవాడికి 0.25 తీసేస్తారు. నూటికి 95 ఉన్న తేలిక బంతిని పట్టినా దక్కేది 0.05 మాత్రమే. వదిలితే 0.95 పోతుంది. సీజన్ పొడవునా ఇవి కూడితే, సగటు ఫీల్డర్ కన్నా ఎన్ని అవుట్లు ఎక్కువ తెచ్చాడో తేలుతుంది. చేరుకోలేని బంతికి జవాబు చెప్పాల్సిన రోజు ఇన్నాళ్లకు వచ్చింది.

ఒక్క సీజన్ అంకెలు చూసి మాత్రం తీర్పు చెప్పకూడదు. నిజంగా కష్టమైన బంతులు ఒక్కొక్కరికి వచ్చేవే తక్కువ. ఇంకో లోటు నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఔట్‌ఫీల్డర్ పరుగును ఈ పద్ధతి అతను నిలబడ్డ చోటు నుంచే కొలుస్తుంది. బ్యాటర్ అలవాటు ఎరిగి, పిచర్ చేయి కదలకముందే మూడడుగులు పక్కకు జరిగి నిలబడ్డవాడికి కష్టమైన బంతి తేలికైపోతుంది. ఆ తెలివికి దక్కాల్సిన మార్కులు ఈ కూడికలో ఇంకా చేరలేదు.