క్రోనోగ్రాఫ్ మొరాయిస్తే రైఫిల్ విప్పకండి, ముందు బ్యాటరీ చూడండి

కృష్ణానగర్‌లో ఏ కెమెరా అసిస్టెంట్‌ని అడిగినా ఒకటే మాట చెప్తాడు: సెట్‌లో కెమెరా ఆగిందా, ముందు బ్యాటరీ చూడు. ఈరోజు టాపిక్ కూడా షూటింగే, కాకపోతే సినిమా షూటింగ్ కాదు, ఎయిర్ రైఫిల్ షూటింగ్. రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ పని చెయ్యకపోతే ఏం చెయ్యాలో చూద్దాం.

క్రోనోగ్రాఫ్ అంటే పెల్లెట్ స్పీడ్ కొలిచే మెషిన్. మామూలు మోడల్లో రెండు లైట్ సెన్సర్లు ఉంటాయి. మొదటిది దాటాక రెండోది దాటడానికి ఎంత టైమ్ పట్టిందో చూసి స్పీడ్ లెక్కేస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌నే తీసుకోండి. అందులో పెల్లెట్ సెకనుకి 170 నుంచి 175 మీటర్ల దాకా వెళ్తుంది. సెన్సర్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, మెషిన్ పట్టుకోవాల్సిన టైమ్ 2 మిల్లీసెకన్ల కంటే తక్కువ.

ఆ నంబర్ చూసే కదా రెగ్యులేటర్ పోయిందేమో, సీల్ లీకవుతోందేమో అనుకుంటాం. మ్యాచ్‌కి వారం ముందు బాగున్న రైఫిల్‌ని విప్పించడం అంటే కొరివితో తల గోక్కోవడమే.

సరే, ఒక్కోటి చూద్దాం.

మొదటిది, ఆన్ అవ్వట్లేదు, లేదా ఆన్ అయ్యి ఆరిపోతోంది. సెన్సర్ మోడళ్లలో చాలావాటికి 9 వోల్టుల బ్యాటరీ వేస్తాం. మల్టీమీటర్‌తో విడిగా చూస్తే 9 చూపిస్తుంది, బాగానే ఉందనుకుంటాం. కానీ లోడ్ పడగానే వోల్టేజ్ పడిపోవచ్చు. అందుకే మెషిన్ ఆన్‌లో ఉండగా కొలవండి. చవక జింక్ కార్బన్ బ్యాటరీ కాకుండా ఆల్కలైన్ వాడండి. పెన్సిల్ సెల్లులు వేసే మోడల్ అయితే ఇంకో సంగతి: ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, రీఛార్జబుల్ సెల్లు 1.2. ఆరు సెల్లులకి 9 వోల్టులు రావాల్సిన చోట 7.2 వస్తుంది. మీ మోడల్ దానికి ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్లో చూసుకోండి. స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే శుభ్రంగా తుడవండి.

రెండోది, పవర్ బ్యాంక్. కొన్ని పవర్ బ్యాంకులు కరెంట్ తక్కువ లాగుతుంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. మెషిన్ తప్పు లేదు, పవర్ బ్యాంక్ అతి తెలివి. తక్కువ కరెంట్ మోడ్ ఉన్నది వాడితే సరి. రాడార్ మోడల్ అయితే కథ రివర్స్, అది ఎక్కువ లాగుతుంది. పొడుగ్గా, సన్నగా ఉన్న కేబుల్‌లో వోల్టేజ్ తగ్గిపోతుంది. పొట్టి, మందం కేబుల్ పెట్టండి.

మూడోది, ఆన్‌లోనే ఉంది కానీ నంబర్లు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి. ఇక్కడే అసలు విషయం. లోపల టైమ్ లెక్కపెట్టేది క్వార్ట్జ్ క్రిస్టల్. బ్యాటరీ కాస్త తగ్గినంత మాత్రాన అది నెమ్మదించదు. కాబట్టి 173, 171, 168, 165 అని వరసగా దిగుతుంటే అనుమానించాల్సింది గాలిని: సిలిండర్ ప్రెజర్ చూడండి. 173, తర్వాత 290, తర్వాత ఎర్రర్, మళ్లీ 172 అని వస్తే అది కొలతలో తేడా. బ్యాటరీ మార్చండి. అయినా పోకపోతే లైట్లు చూడండి. మన కరెంట్ 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. మన కంటికి కనపడదు కానీ సెన్సర్‌కి తెలుస్తుంది.

కోడ్‌లో బగ్ వెతికినట్టే, ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్యాటరీ, కేబుల్, లైటు మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. క్రోనోగ్రాఫ్ ఉండేది బ్యారెల్ ముందు. బ్యాటరీ మార్చడానికి ఎవ్వరూ ఊరికే ముందుకి వెళ్లొద్దు. రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి, ఫైరింగ్ మొత్తం ఆగాక, రైఫిళ్లన్నీ ఖాళీ చేసి సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాకే వెళ్లాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.