కాటేజీ: కూలి ఇంటి నుంచి కోటీశ్వరుల విడిది దాకా

మధ్యయుగపు ఇంగ్లండులో కాటేజీ అంటే, సొంత పొలం దాదాపు లేక, భూస్వామి చేలో పనిచేసి బతికే పేదవాడి ఇల్లే తప్ప విహారగృహం కాదు. 1086 నాటి ‘డూమ్స్‌డే’ భూమి సర్వేలో అటువంటివారు ‘కాటర్లు’ అనే ప్రత్యేక వర్గంగా కనిపిస్తారు. డెవన్ ప్రాంతంలో బంకమట్టిలో గడ్డి కలిపి, తొక్కి, వరుసమీద వరుసగా ఎత్తిన మందపాటి గోడలు, వాటిపై గడ్డికప్పు ఉండే ఈ ఇళ్లు మన మట్టిగోడల పూరిళ్లకు దగ్గరి చుట్టాలే. 1589లో మొదటి ఎలిజబెత్ రాణి కాలపు చట్టమొకటి కనీసం 4 ఎకరాల నేల జతచేయనిదే కొత్త కాటేజీ కట్టరాదని శాసించింది. పేదలకు భూమి దక్కాలన్న మాట పైకి వినిపించినా, భూమిలేనివారు ఊళ్లో చేరి పోషణభారం కాకూడదన్న జంకే అందులో ఎక్కువని చెప్పవచ్చు. ఆ చట్టం 1775లో రద్దయింది. ఆ కాలం నుంచే సంపన్నులు పల్లె సొగసుపై మోజుతో ఆ పేరును తమ విడిదిళ్లకు తగిలించుకోసాగారు. అమెరికాలోని న్యూపోర్టులో 1895లో పూర్తయిన 70 గదుల ‘బ్రేకర్స్’ భవనం సైతం వేసవి కాటేజీగానే చెలామణి కావడం వినయమో, విడ్డూరమో తేల్చడం కష్టం. తెలుగునాట ఈ మాట తిరుమలలో యాత్రికులకిచ్చే వసతిగా స్థిరపడగా, ఇంట్లోనే మగ్గం వేసుకుని నేసేవారి శ్రమతో దానికున్న పాత సంబంధం కాటేజీని కుటీరంగా అనువదించిన ‘కుటీర పరిశ్రమ’ అన్న మాటలో మిగిలింది.