పారవేసే చర్మం నుండి పుట్టిన చికిత్స



మూత్రకోశ వ్యాధుల శస్త్రచికిత్స నా వృత్తి. ఉచిత వైద్య శిబిరాలలో కూర్చున్నప్పుడు రోగుల కంటే దాతల నుండే నాకు తరచుగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. “డాక్టరుగారూ, కణచికిత్స చేస్తే నయమవుతుందని చెప్పి ఒక కుటుంబాన్ని లక్షల రూపాయలు అడుగుతున్నారు. ఆ సొమ్ము మేము ఇవ్వవచ్చునా?” దీనికి ఒక్కమాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. కణచికిత్సలలో గాయాలను నిజంగా మాన్పినవి ఉన్నవి, నిరూపణకు నిలువనివీ ఉన్నవి. రెండింటికీ నా శాస్త్రానికి సంబంధించిన ఉదాహరణలే ఉన్నందున, వాటి ఆధారంగానే ఈ విషయాన్ని వివరిస్తాను.

చిన్న వ్యాధి, చిన్న శస్త్రచికిత్స

పురుషాంగం కొనను కప్పి ఉండే ముందరి చర్మం కొందరిలో బిగుసుకుపోయి వెనుకకు జరుగదు. సుశ్రుతుడు దీనిని ‘నిరుద్ధప్రకశం’ అనే పేరుతో క్షుద్రరోగాలలో చేర్చాడు. ‘క్షుద్ర’ శబ్దానికి ఇక్కడ చిన్నది అని అర్థం. నేయి పూసిన లోహపు గొట్టాన్ని గాని కొయ్య గొట్టాన్ని గాని ప్రవేశపెట్టి, మూడు రోజులకొకసారి మరింత లావైన గొట్టాన్ని వాడుతూ ఆ ద్వారాన్ని క్రమంగా వెడల్పు చేయాలని సుశ్రుతసంహిత చెబుతున్నది.

పసిబిడ్డలలో ఈ చర్మం అంటుకొని ఉండడం సహజం. ఎదిగేకొద్దీ చాలామందిలో తనంతట తానే వదులవుతుంది. కనుక తల్లులు దానిని బలవంతంగా వెనుకకు లాగరాదు. కొందరికి పూతమందుతోనే తగ్గుతుంది. పెద్దవారిలో, ముఖ్యంగా మధుమేహం అదుపులో లేనివారిలో, మాటిమాటికీ వాపు వచ్చి బిగుసుకుపోతే ఆ చర్మాన్ని తొలగించవలసి వస్తుంది. ఆ శస్త్రచికిత్సనే సున్తీ అంటారు. కొన్ని మతాలలో అది ఆచారం. అమెరికాలో మతంతో నిమిత్తం లేకుండానే అనేకమంది మగశిశువులకు పుట్టిన కొద్దిరోజులలోనే దీనిని చేస్తారు. తొలగించిన చర్మం సాధారణంగా ఆసుపత్రి వ్యర్థాలతో పాటు పోతుంది. ఆ విధంగా పారవేసే తునకలోనే ఒక చికిత్సకు బీజం దొరికింది.

ప్రయోగశాలలో పెరిగిన చర్మం

మనిషి చర్మపు పైపొర కణాలను శరీరం వెలుపల పెంచడం చాలాకాలం కష్టసాధ్యంగా ఉండేది. 1975లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్తలు దానికి మార్గం కనుగొన్నారు. ఇక విభజన చెందకుండా చేసిన ఎలుక కణాలను పాత్ర అడుగున పొరగా పరచి, దానిపై మనిషి చర్మకణాలను నాటితే అవి చక్కగా వృద్ధి చెందాయి. నవజాత శిశువుల చర్మకణాలు మరింత చురుకుగా, అనేక పర్యాయాలు విభజన చెందుతాయి.

1983లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఇద్దరు చిన్నారి అన్నదమ్ములకు శరీరంలో 95 శాతానికి పైగా కాలిపోయింది. కాలకుండా మిగిలిన కొద్దిపాటి చర్మం నుండి వారి కణాలనే పెంచి, తయారైన పొరలను తిరిగి వారికే అతికించారు. ఆ పిల్లలు బ్రతికారు. అయితే సొంత కణాలను పెంచడానికి వారాల సమయం పడుతుంది. ఏళ్ళ తరబడి మానని పుండ్లతో బాధపడేవారికి సిద్ధంగా దొరికే చర్మం కావలసి వచ్చింది.

అప్పుడు శాస్త్రవేత్తల దృష్టి సున్తీలో తొలగించిన శిశువుల చర్మంపై నిలిచింది. సూక్ష్మజీవుల జాడ లేదని పరీక్షలలో రుజువైన కణాలనే వాడతారు, తల్లి రక్తాన్ని కూడా పరీక్షిస్తారు. కణాలను అతిశీతల స్థితిలో నిల్వచేసి, అవసరమైనపుడు పెంచుతారు. ఒక్క చిన్న తునక నుండి వేలాది పుండ్లకు సరిపడే చర్మం తయారవుతుంది.

ఆ విధంగా రూపొందినదే ‘ఆప్లిగ్రాఫ్’. ఇందులో చర్మానికి ఉన్నట్లే రెండు పొరలు ఉంటాయి. క్రింది పొరలో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు, పై పొరలో కెరటినోసైట్ కణాలు ఉంటాయి. అమెరికా ఆహార ఔషధ సంస్థ దీనిని కాలి సిరల వ్యాధి వలన వచ్చే పుండ్లకు 1998లో, మధుమేహుల పాదాల పుండ్లకు 2000లో అనుమతించింది. క్రింది పొరను నిలిపి ఉంచే కొలాజెన్ అనే పదార్థం పశువుల నుండి తీసినది. ఈ విషయం తెలుసుకొని అంగీకరించడమో, కాదనడమో రోగి హక్కు. వైద్యుడు దానిని దాచరాదు.

అతికించిన ఈ కణాలు రోగి శరీరంలో శాశ్వతంగా నిలిచిపోవు. కొన్ని వారాలలో అవి కనుమరుగవుతాయి. ఈలోగా అవి విడుదల చేసే పదార్థాలు, నిద్రాణమై ఉన్న గాయాన్ని మేల్కొలిపి, రోగి సొంత చర్మం పెరగడానికి తోడ్పడతాయి.

నిరూపణ అంటే ఏమిటి?

మధుమేహం వలన పాదాలకు పుండ్లు పడిన 208 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2001లో వెలువడినవి. కొందరికి ఈ చర్మాన్ని అతికించారు, మిగిలినవారికి తడి గాజుగుడ్డతో కట్లు కట్టారు. మృతకణజాలం తొలగించడం, పాదంపై బరువు పడకుండా చూడడం ఇరువర్గాలకూ సమానంగా చేశారు. 12 వారాలలో పుండు పూర్తిగా మానినవారు మొదటి వర్గంలో 56 శాతం, రెండవ వర్గంలో 38 శాతం.

ఈ సంఖ్యలను పాఠకులు ఒకసారి నిదానంగా పరిశీలించాలని నా కోరిక. చికిత్స పనిచేసింది. అయినా, చేయించుకున్నవారిలో 44 శాతం మందికి ఆ గడువులో పుండు పూర్తిగా మానలేదు. మంచి కట్టు, శ్రద్ధ మాత్రమే లభించినవారిలోనూ 38 శాతం మందికి మానినది. నిజమైన వైద్యశాస్త్రం ఈ విధంగా తన విజయంతో పాటు తన పరిమితిని కూడా చెబుతుంది. నూటికి నూరుపాళ్ళు నయమవుతుందని పలికేవారిని అందుకే సందేహించాలి.

నిరూపణకు నిలువని ఉదాహరణ కూడా చెప్పాలి. దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోవడం చాలామంది స్త్రీలు బయటకు చెప్పుకోలేని బాధ. రోగి కండరం నుండి చిన్న తునక తీసి, ఆ కణాలను పెంచి, మూత్రనాళం వద్ద సూదితో ఎక్కించే చికిత్స అద్భుత ఫలితాలు ఇచ్చిందని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వైద్యులు 2007లో ‘లాన్సెట్’ అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించారు. ప్రభుత్వ తనిఖీలో ఆ పరిశోధన నిర్వహణలో తీవ్రమైన లోపాలు బయటపడినందున, 2008లో ఆ పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది. ఇటువంటి చికిత్సపై ఇతరులు పరిశోధనలు కొనసాగించారు. ఆలోచన మంచిదే కావచ్చు. కాని ఆలోచన వేరు, నిరూపితమైన చికిత్స వేరు.

దాతలు అడుగవలసినవి

మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో మూలకణ పరిశోధనపై మార్గదర్శకాలు వెలువరించాయి. వాటి ప్రకారం అప్పటికి రక్తక్యాన్సర్, తలసేమియా వంటి రక్తసంబంధ వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడి మాత్రమే ఆమోదిత చికిత్సగా ఉండేది. ఆమోదం లేని ఇతర వ్యాధులకు మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. పరిశోధనలో పాల్గొనే రోగి వద్ద ఆ చికిత్సకు సొమ్ము తీసుకోరాదు.

కనుక కణచికిత్స పేరుతో ఎవరైనా సహాయం కోరితే, ఇవ్వడానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఇది ఆమోదిత చికిత్సయా, పరిశోధనయా? ఆమోదితమైతే ఏ వ్యాధికి అనుమతి ఉన్నది? పరిశోధన అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఎంత? నైతిక సంఘం అనుమతి ఉన్నదా? రోగికి అర్థమయ్యే భాషలో అంగీకారపత్రం ఇచ్చారా? పరిశోధన అని చెబుతూనే లక్షలు అడుగుతుంటే దానం ఆపండి. అలా ఆపడం దయలేనితనం కాదు, ఆ కుటుంబాన్ని అప్పుల నుండి కాపాడడమే.

ఇవ్వదలచిన సొమ్ముకు సార్థకమైన మార్గాలు లేకపోలేదు. మధుమేహులకు మెత్తని పాదరక్షలు, కట్టుసామగ్రి, పాదాల పరీక్షాశిబిరాలు తక్కువ ఖర్చుతో ఎన్నో కాళ్ళను నిలబెడతాయి.

చివరిగా, కాలినడకన వచ్చే భక్తులకు ఒక మనవి. మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి, ఎండకు కాగిన రాతిపై కాలినా, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. దీర్ఘకాలంగా మధుమేహం ఉంటే యాత్రకు ముందు వైద్యునికి పాదాలు చూపించండి. నడకదారిలో పాదరక్షలు ధరించండి, అవి విడువవలసిన చోట ఎండవేళ తప్పించి నడవండి. ప్రతి రాత్రి దీపం వెలుగులో అరికాళ్ళను, వేళ్ళ సందులను చూసుకోండి, చూపు ఆననివారు ఇంటివారిచేత చూపించుకోండి. పొక్కు, పగులు, రంగుమార్పు కనిపిస్తే ఆ మరునాడే వైద్యుని వద్దకు వెళ్ళండి. ప్రయోగశాలలో పెరిగిన చర్మం ఎంత గొప్పదైనా, పుండు పడక మునుపు కాపాడుకున్న సొంత చర్మానికి సాటిరాదు.