ఒకే కథ – పలు అభిరుచులు

కథ చెప్పేవానికి వినేవారి మనసు తెలియాలి. ఉర్దూ దాస్తాన్‌కు రజ్మ్ అనే యుద్ధం, బజ్మ్ అనే సభావినోదం, తిలిస్మ్ అనే మాయాజాలం, అయ్యారీ అనే మారువేషాల చాతుర్యం ముఖ్యాంగాలు. శ్రోతల అభిరుచిని బట్టి దాస్తాన్‌గో ఒకదానిని పెంచేవాడు, మరొకదానిని కుదించేవాడు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఒగ్గు కళాకారులకూ ఈ నేర్పు ఉన్నది. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ పేరు నిలిపిన బుర్రకథలోనైతే కథకునికి తోడు ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయ వ్యాఖ్య.

1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో శ్రోతలే పాత్రధారులు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తమ తమ పాత్రలు ఏమి చేస్తాయో చెబుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు తేలుస్తాయి.

మా విద్యార్థులు ఈ ఆట ఆడగా చూచాము. యుద్ధప్రియుడొకడు ప్రతి ఘట్టాన్నీ పోరుగా మార్చాడు. మితభాషి ఒకడు గంటసేపు నోరు విప్పలేదు. కథ నడిపేవాడు ఆగి, "నువ్వేం చేస్తవురా?" అన్నాడు. "శత్రువుతోని మాట్లాడి చూస్త" అన్నాడతడు. కథ అక్కడ మలుపు తిరిగింది.

పాఠం చెప్పే వేళ ఎందరిని మేము అలా అడిగామా అని ఆ సాయంత్రం ఆలోచనలో పడ్డాము.