లిథియం బ్యాటరీకి చవుకలో కరెంటు చార్జరు



మందు కొట్టే పంపుకూ, చేని కాపలా దీపానికీ, కోళ్ళషెడ్డులో ఫానుకూ ఈమధ్య లిథియం బ్యాటరీలు వచ్చినవి. బరువు తక్కువ, నీళ్ళు పోసే పని లేదు. కొందరు విడి సెల్లులు కొని, నాలుగేసి వరుసగా కలిపి సొంతంగానే బ్యాంకు కట్టుకొంటున్నారు. అంతవరకూ బాగానే ఉంది. చార్జింగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఇంట్లో మూలనున్న ట్రాక్టరు బ్యాటరీ చార్జరును తీసి తగిలిస్తున్నారు. వేల రూపాయల సరుకు పాడయ్యేది అక్కడే. అంచేత ఇంటి కరెంటు మీద నడిచే చార్జరును కొన్ని వందల రూపాయలలో, ప్రాణభయం లేకుండా ఎట్లా కూర్చుకోవాలో ఈవేళ చెప్పుకుందాం.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ జాతి సెల్లో తెలియాలి. విత్తనం పేరు తెలియకుండా నారు పోయము గదా! లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు 3.2 వోల్టులది, నిండితే 3.65. ఫోనుల్లో, లాప్‌టాప్‌లలో ఉండే జాతి 3.6 లేక 3.7 వోల్టులది, నిండితే 4.2. ఈ రెండో జాతికి నిప్పు అంటుకొనే గుణం హెచ్చు. పొలం పనికి ఐరన్ ఫాస్ఫేటే మేలని నా అభిప్రాయం. దీన్ని 1997లో లోకానికి తెలియజేసింది అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు గుడినఫ్ గారి బృందం. ఆయనకు 2019లో, తొంభై యేడేళ్ళ వయస్సులో, నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఈ జాతి సెల్లులు నాలుగు కలిపిన 30 ఆంపియర్-అవర్ల బ్యాంకుకు. వేరే జాతికి ఇవే అంకెలు వాడితే ప్రమాదం సుమా.

పాత చార్జరు ఎందుకు పనికిరాదంటారా? అది బ్యాటరీ నిండేకొద్దీ వోల్టును పెంచుకుంటూ 15, 16 దాకా పోగలదు. సీసపు బ్యాటరీ ఆ పోటుకు బుడగలు కక్కుతుంది, తగ్గిన నీటిని మనం మళ్ళీ పోస్తాం. లిథియం సెల్లుకు ఆ వీలు లేదు. మన నాలుగు సెల్లులకు 14.6 వోల్టులు కడపటి హద్దు.

“బి.ఎం.ఎస్. బోర్డు ఉన్నది గదండీ, అదే ఆపుతుంది” అని మీరనవచ్చు. ఆపుతుంది, నిజమే. కాని అది చెరువుకు అలుగు వంటిది. వరద వచ్చిన నాడు కట్టను కాపాడడానికి అలుగు. రోజువారీ నీటికి తూము. అలుగునే తూముగా వాడుకొంటే, అది చెడిన రోజున కట్ట తెగుతుంది. చార్జరు తన హద్దు తానే ఎరిగి ఉండాలి.

ఆ హద్దులు రెండు. మొదట కరెంటు ఇంతకు మించరాదు. తరువాత, వోల్టు పైహద్దుకు చేరగానే అక్కడే నిలిచి, కరెంటు దానంతటది తగ్గాలి. బస్తాలో ముందు చేటతో పోసి, మూతి దగ్గరకు వచ్చాక దోసిలితో పోసినట్లన్నమాట.

ఇందుకు పాత లాప్‌టాప్ అడాప్టరు చక్కగా సరిపోతుంది. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని దానిమీద రాసి ఉంటే 65 వాట్లది. 230 వోల్టుల భాగం దాని పెట్టెలోనే మూసి ఉంటుంది, మన చేతికి వచ్చేది 19 మాత్రమే. కొందరు పాత కంప్యూటరు పవర్ సప్లై విప్పి మార్పులు చేస్తున్నారు. ఆ పని వద్దే వద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులోని కెపాసిటరులో 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.

అడాప్టరు తరువాత, వోల్టును దించే బక్ కన్వర్టరు బోర్డు ఒకటి కావాలి. వోల్టుకొక మర, కరెంటుకొక మర విడిగా ఉన్నదే కొనండి. ఒక్క మర ఉన్నది చవుకే గాని మనకు అక్కరకు రాదు. వీటితోపాటు 10 ఆంపియర్ల షాట్కీ డయోడు, 5 ఆంపియర్ల ఫ్యూజు, ఒక మల్టీమీటరు ఉంటే చాలు.

బ్యాటరీ తగిలించకముందే మీటరు చూస్తూ బోర్డు వోల్టును 14.4కు తెచ్చుకోండి. ఒక చుట్టుకే మార్పు కనబడదు, ఓపికగా తిప్పాలి. తరువాత బోర్డు ప్లస్సు నుంచి డయోడు, దాని గీత ఉన్న కొస బ్యాటరీ వైపు. ఇది లేకపోతే ఊళ్ళో కరెంటు పోయినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి పారి బోర్డును కాల్చవచ్చు. డయోడు కొంత వోల్టు తినేస్తుంది. బ్యాటరీకి అందేది 14.4 కన్న కాస్త తక్కువే, అదీ మనకు మేలే. ఫ్యూజును బ్యాటరీ ప్లస్సుకు ఆనుకొనే పెట్టండి.

ఇక కరెంటు. ఆ మరను పూర్తిగా తగ్గించి, సగం ఖాళీ అయిన బ్యాటరీని మీటరు 10 ఆంపియర్ల రంధ్రం గుండా కలిపి, నెమ్మదిగా 3 ఆంపియర్లకు పెంచండి. చూచుకోగానే మీటరును తీసివేసి, వైరును నేరుగా కలపండి. 3 ఆంపియర్లంటే సుమారు 43 వాట్లు. నష్టంతో కలిపి 48 అనుకొన్నా అడాప్టరుకు ఊపిరి ఉంటుంది. ఖాళీ బ్యాంకు నిండడానికి పది గంటలు పడుతుంది. తొందరపడి 4 ఆంపియర్లకు పెంచితే అడాప్టరు తన పూర్తి బలంతో గంటల తరబడి పనిచేయాలి. మన వేసవిలో అది నిలిచేది కాదు.

కరెంటు ఒకటిన్నర ఆంపియరుకు తగ్గాక ప్లగ్గు తీసేయండి. సీసపు బ్యాటరీలాగా రాత్రింబవళ్ళు తగిలించి ఉంచనక్కరలేదు. తీసే ముందు నెలకొకసారి నాలుగు సెల్లులనూ విడివిడిగా మీటరుతో చూడండి. ఒకటి 3.65 ఎక్కి మిగిలినవి 3.4 దగ్గరే ఉంటే సెల్లులు సమంగా లేవన్నమాట. తెలిసిన మెకానిక్కుకు చూపించవలె.

చార్జింగు సిమెంటు గచ్చుమీదనే. గడ్డివాము పక్కన, పత్తి మండెల దగ్గర, మంచం కింద పనికిరాదు. లంబసింగి వంటి చలి ప్రదేశాలలో తెల్లవారుజామున చార్జి పెట్టకండి. సున్నా డిగ్రీలకు దిగిన సెల్లుకు చార్జింగు హాని. పంపుతో పనిలేని నెలల్లో సగం నింపి నీడన ఉంచండి. సెల్లు ఉబ్బినట్టు కనబడితే మాత్రం ప్లగ్గు తీసి, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి, మళ్ళీ దాన్ని వాడకండి.